అమ్మ పద్దు పుస్తకంలో యెరూషలేము

"బుధవారం. నువ్వుల రొట్టె 5. నీళ్లు 5. దానిమ్మ రసం 10 (ఎక్కువ)."

మా అమ్మ పద్దు పుస్తకంలో ఒక పేజీ ఇలా మొదలవుతుంది. ఆ అంకెలు రూపాయలు కావు, షెకెళ్లు. అప్పట్లో ఒక షెకెలు అంటే పదిహేడు, పద్దెనిమిది రూపాయలు. 2013 నవంబరులో అమ్మా నేనూ యెరూషలేములో గడిపిన నాలుగు రోజుల లెక్క అది. ఆ యాత్రలో నేను తీసిన ఫొటోలన్నీ తర్వాత కంప్యూటర్ పాడైనప్పుడు పోయాయి. చాలాకాలం ఆ బాధ నన్ను వదల్లేదు. ఈ మధ్య బీరువా సర్దుతుంటే చీరల అడుగున ఈ పుస్తకం దొరికింది. ఫొటోల్లో ఉండే అవకాశమే లేనివి కూడా ఇందులో ఉన్నాయి.

అమ్మ ముప్పై ఏళ్లకు పైగా గుంటూరు జిల్లా బడుల్లో పంతులమ్మగా పనిచేసింది. రాత్రి ప్రార్థన అయ్యాక ఆ రోజు ఖర్చు రాస్తేగాని దీపం ఆర్పేది కాదు. పింఛనులోంచి ఆరేళ్లు దాచుకున్న డబ్బుతో పరిశుద్ధ దేశ యాత్రకు పేరు ఇచ్చింది. అప్పటికి ఆమెకు 67 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఒంటరిగా పంపడం ఇష్టంలేక నేనూ బయలుదేరాను. గుంటూరు, తెనాలి, ఒంగోలు ప్రాంతాల వాళ్లం నలభై మంది, ముందు నడిచే పాస్టరుగారు. హైదరాబాదు నుంచి అమ్మాను వరకు విమానం, అక్కడి నుంచి యొర్దాను నది దాటి బస్సు.

యెరికో వైపు నుంచి వచ్చే దారి సముద్రమట్టానికి ఎంతో దిగువ నుంచి ఎనిమిది వందల మీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది. సొరంగం దాటగానే నగరం ఒక్కసారిగా కనిపించింది. బస్సులో అందరూ కీర్తన అందుకున్నారు. అమ్మ మాత్రం పాడలేదు. కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. అపార్టుమెంట్లు, క్రేనులు, రెండేళ్ల క్రితమే మొదలైన ట్రాము బండి. ఆమె మనసులో ఉన్న యెరూషలేములో ఇవేవీ లేవు. చిన్నప్పటి నుంచీ వాక్యంలో విన్న ఊరు, ఆదివారపు బడిలో పిల్లలకు బొమ్మల్లో చూపించిన ఊరు, గాడిదలూ ఖర్జూరపు మట్టలూ ఉన్న ఊరు ఇది కాదు. ఆ రాత్రి హోటల్లో, "ఇంతమంది ఉంటారనుకోలేదురా ఇక్కడ" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది, ఎందుకంటే తర్వాతి నాలుగు రోజుల్లో అమ్మకు దగ్గరైంది ఆ మనుషులే.

మా గైడు ఆ ఊళ్లోనే పుట్టి పెరిగిన అరబ్బు క్రైస్తవులు. యాభై దాటిన మనిషి, చేతిలో ఎప్పుడూ ఒక మడత గొడుగు. ఇంగ్లీషులో చెప్పేవారు, పాస్టరుగారు తెలుగులో అందించేవారు. తెలుగు యాత్రికులను చాలాసార్లు తిప్పినందువల్ల "అమ్మా, రండి రండి" అనడం ఆయనకు బాగా వచ్చు. అమ్మ ఆయన్ని "బాబూ" అని పిలిచేది. ఊళ్లో ఎక్కడ చూసినా ఒకే రకం లేత పసుపు రాయి ఎందుకని అమ్మే ఆయన్ని అడిగింది. 1918లో బ్రిటిషు గవర్నరు పెట్టిన నియమం అట, ఇక్కడ కట్టే ప్రతి భవనానికీ బయటివైపు స్థానికమైన రాయే ఉండాలని. సాయంత్రం ఎండ పడినప్పుడు ఊరంతా పసుపు రాసిన గడపలా ఉంటుంది.

మొదటి రోజు ఒలీవల కొండ. కొండ మీద పాటర్ నోస్టర్ అనే చర్చి ఉంది. ప్రభువు తన శిష్యులకు ప్రార్థన నేర్పిన చోటు అని అక్కడివారి నమ్మకం. నాలుగో శతాబ్దంలో కాన్‌స్టంటైన్ చక్రవర్తి కాలంలోనే అక్కడ చర్చి కట్టారు. ఇప్పుడున్న మఠం 19వ శతాబ్దం నాటిది. ఆవరణ గోడల నిండా రంగుల పింగాణీ పలకల మీద ప్రభువు ప్రార్థన వందకు పైగా భాషల్లో రాసి ఉంటుంది. మా వాళ్లంతా తెలుగు పలక ఎక్కడుందని గోడలు వెతకడం మొదలుపెట్టారు. దొరికాక ఫొటోల కోసం తోసుకున్నారు. అమ్మ చివరి వరకూ ఆగింది. అందరూ పక్కకు తప్పుకున్నాక దగ్గరకు వెళ్లి, చూపుడు వేలు పలకకు తగలకుండా గాలిలోనే కదుపుతూ ఒక్కొక్క వరుసా చదివింది. బళ్లో పిల్లల దస్తూరి దిద్దేటప్పుడు అలాగే చదివేది, దీర్ఘం ఎక్కడుంది, ఒత్తు ఎక్కడుంది అని చూసుకుంటూ. నెమ్మదిగా ఆ చదవడం ప్రార్థన అయింది. గొంతు పెరిగింది. పక్కన తమ భాష పలక ముందు నిలబడ్డ ఏదో ఐరోపా దేశపు ముసలివాళ్లు మాటలు ఆపి విన్నారు. ఆమె "ఆమేన్" అన్నప్పుడు వాళ్లూ అన్నారు. నేను ఫొటో తీయడం మర్చిపోయాను. తీసి ఉన్నా ఇప్పుడు మిగిలేది కాదు.

కొండ దిగితే గెత్సేమనే తోట. ఎనిమిది ముసలి ఒలీవ చెట్లు, మొదళ్లు బోలుపోయి, మెలితిరిగి ఉన్నాయి. ఇవి ప్రభువు ప్రార్థించిన రాత్రిని చూసిన చెట్లు అని పాస్టరుగారు కళ్లు తుడుచుకున్నారు. అంతకు ముందటి ఏడాదే పరీక్షలు జరిగాయని, మూడు చెట్ల కాండాల వయసు 12వ శతాబ్దం దాకా తేలిందని గైడు మర్యాదగా చెప్పారు. మా గుంపులో కొంతమంది ముఖాలు చిన్నబోయాయి. అమ్మ మాత్రం, "తొమ్మిది వందల ఏళ్లంటే తక్కువా బాబూ" అంది. పాస్టరుగారు ఆ మాట తర్జుమా చేసి చెప్పగానే గైడు ఆమెకు చెయ్యి అందించి మెట్లు దింపారు.

రెండో రోజు తెల్లవారుజామునే లేచి, ముస్లిములు హరం అల్ షరీఫ్ అని పిలిచే ప్రాంగణం కోసం వరుసలో నిలబడ్డాం. యూదులకు అది ఆలయ పర్వతం, సొలొమోను కట్టిన మందిరం ఉన్న చోటు. ముస్లిమేతరులను కొన్ని గంటలే, ఒకే ద్వారం గుండా, ఒక చెక్క వంతెన మీదుగా పంపుతారు. ఇతర మతాల గ్రంథాలు లోపలికి తీసుకెళ్లకూడదు. అమ్మ తన బైబిలును బస్సు డ్రైవరు చేతికి ఇచ్చి, అతను దాన్ని సీటు మీద కాకుండా పైన అరలో పెట్టేదాకా చూసి దిగింది.

పైన ఎంత విశాలం! అంత ఇరుకు సందుల ఊళ్లో అంత ఆకాశం ఉందని ఊహించలేం. చెట్ల కింద ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని ఖురాను చదువుకుంటున్నారు. ఒకవైపు పిల్లలు బంతి ఆడుతున్నారు. మధ్యలో నీలం పలకల ఎనిమిది గోడల మీద బంగారు గుమ్మటం. ఖలీఫా అబ్దుల్ మాలిక్ కాలంలో, 691-92 ప్రాంతంలో పూర్తయిన కట్టడం అది. పైనున్న బంగారు పూత 1990లలో జోర్డాను రాజు హుస్సేన్ విరాళంతో వేసింది. ఇదే ప్రాంగణంలోని అల్ అక్సా మసీదు మరమ్మతుల కోసం 1920లలో మన హైదరాబాదు నిజాం కూడా విరాళం పంపారు. ఖిలాఫత్ ఉద్యమ నాయకుడు మౌలానా మహమ్మద్ అలీ జౌహర్ సమాధి ఈ ప్రాంగణం అంచునే ఉంది. 1931లో ఆయన్ని ఇక్కడ ఖననం చేశారు. అమ్మ అలవాటుగా చేతులు జోడించబోతే గైడు మెల్లగా వారించారు. ముస్లిములు కానివారు ఇక్కడ ప్రార్థించకూడదని నియమం. ఆమె చేతులు దించి, పమిట సర్దుకుని, కొంతసేపు కళ్లు మూసుకుని నిలబడింది. ఎవరూ ఏమీ అనలేదు.

అక్కడి నుంచి నాలుగు అడుగులు వేస్తే బేతెస్ద కోనేరు, దాని పక్కనే 12వ శతాబ్దపు పరిశుద్ధ అన్నమ్మ చర్చి. ఆ చర్చిలో రాతి కప్పు కింద పాడితే స్వరం ఆగిన తర్వాత కూడా కొన్ని క్షణాలు మోగుతూనే ఉంటుంది. ఒక్కో దేశపు గుంపు వంతులవారీగా వెళ్లి పాడి వస్తుంది. మా ముందు కొరియా వాళ్లు పాడారు. మా వంతు వచ్చినప్పుడు అమ్మే కీర్తన ఎత్తుకుంది, ముప్పై ఏళ్లు చర్చి గాయకబృందంలో ఉన్న గొంతు కదా. పల్లవి చివర ఆగగానే, ఆ స్వరం పైన ఇంకా తిరుగుతూ ఉండగా, మా వాళ్లెవరూ చరణం అందుకోలేకపోయారు. అది పూర్తిగా ఆగేదాకా విన్నాం.

ఆ మధ్యాహ్నం గైడును బతిమాలి హేరోదు ద్వారం దగ్గరున్న హిందియా జావియాకు వెళ్లాను. భారతీయ యాత్రికుల కోసం ఉన్న సత్రం అది. ముస్లిం సుల్తాను సలాదీను ఈ నగరాన్ని గెలిచిన కొద్ది ఏళ్లకు, 1200 ప్రాంతంలో పంజాబు సూఫీ బాబా ఫరీద్ వచ్చి ఇక్కడ ధ్యానం చేసుకున్నారని చెబుతారు. ఆయన పద్యాలు సిక్కుల గురు గ్రంథ్ సాహిబ్‌లోనూ ఉన్నాయి. 1924 నుంచి సహరన్‌పూర్ నుంచి వచ్చిన ఒక కుటుంబం ఆ సత్రాన్ని చూసుకుంటోంది. లోపలికి వెళ్లేంత సమయం లేక గేటు ముందే నిలబడ్డాను. అంత దూరాన మన దేశం పేరు రాసి ఉన్న ఆ గేటును చేత్తో తాకి వచ్చాను. బస్సులో ఆ సంగతి చెబితే అమ్మ, "ఎనిమిది వందల ఏళ్ల కిందట నడిచి వచ్చాడా!" అని మళ్లీ మళ్లీ అడిగింది.

మేము గుంటూరు లూథరన్లం. 1842లో హయ్యర్ దొరగారు గుంటూరు వచ్చి మొదలుపెట్టిన మిషను మా తాతల కాలం నుంచీ మా ఇంటి కథలో భాగం. అందుకే పాతనగరం మధ్యలో 1898లో కట్టిన లూథరన్ రిడీమర్ చర్చి కనిపించగానే అమ్మకు పుట్టిల్లు చూసినంత సంబరం. ఆమె కింద బల్ల మీద కూర్చుంది, నేను గంట గోపురం ఎక్కాను. మెట్లు 170కి పైగా ఉన్నాయి. పైనుంచి చూస్తే పాతనగరం చదరపు కిలోమీటరు కూడా ఉండదు. 16వ శతాబ్దంలో సులేమాను సుల్తాను కట్టించిన గోడ చుట్టూ కనిపిస్తుంది. ఆ గోడ లోపలే ముస్లిం, క్రైస్తవ, యూదు, అర్మేనియన్ పేటలు. నేను పైన ఉండగానే అసర్ నమాజుకు అజాను మొదలైంది. ఒక మినారు అందుకున్నాక ఇంకొకటి, ఆ తర్వాత మరొకటి. అవి ముగియకముందే ఎక్కడో చర్చి గంట. కిందికి వచ్చి చెబితే, "నాకూ వినిపించిందిలే" అంది అమ్మ.

శుక్రవారం పేజీలో మొదటి వరుస ఇది: "టీ. ఊరికే ఇచ్చారు."

ఆ రోజు చీకటితోనే, ప్రభువు సిలువ మోసి నడిచిన దారి అని చెప్పే సిలువ మార్గంలో నడిచాం. దుకాణాలు తెరవకముందైతే ఆ సందుల్లో నడవడం సులువు. చిన్న చెక్క సిలువను వంతులవారీగా మోస్తూ, ఒక్కో స్థలం దగ్గర ఆగి వాక్యం చదువుతూ వెళుతున్నాం. అయిదో స్థలం దాటాక దారి మెట్లుగా పైకి ఎక్కుతుంది. అక్కడే అమ్మ మోకాళ్లు మొరాయించాయి. గుంపును ముందుకు వెళ్లమని, గోడ పట్టుకుని నిలబడిపోయింది. తడి రాళ్లు, కూర్చోవడానికి చోటు లేదు. పక్కన సగం ఎత్తిన షట్టరు కిందనుంచి తెల్లని అల్లిక టోపీ పెట్టుకున్న పెద్దాయన బయటికి వంగి చూశారు. లోపలికి వెళ్లి ప్లాస్టిక్ ముక్కాలిపీట తెచ్చి, దాని మీది తడిని తన చొక్కా చేతితో తుడిచి వేశారు. కొద్దిసేపటికి చిన్న గాజు గ్లాసులో టీ వచ్చింది. అందులో ఏదో ఆకు వేసి ఉంది. మరమియ్యా అన్నారు. ఘాటైన వాసన, నాలుక మీద కొంచెం చేదు. అమ్మ రెండు చేతులతో గ్లాసు పట్టుకుని వేడిని అరచేతులకు ఎక్కించుకుంది. "హింద్?" అని అడిగారు. అమ్మ తల ఊపి, "గుంటూరు" అంది. ఆయన కూడా ఆ మాటను శ్రద్ధగా పలికారు, "గుంతూర్". ఇద్దరూ తలలు ఊపుకున్నారు. లేచేటప్పుడు అమ్మ సంచిలోంచి నాణేలు తీస్తే ఆయన కుడిచేతిని గుండెల మీద పెట్టుకుని తల అడ్డంగా ఊపారు.

పరిశుద్ధ సమాధి చర్చి తలుపు తాళం తరతరాలుగా ముస్లిం కుటుంబాల చేతిలోనే ఉంది. సలాదీను కాలం నుంచి వస్తున్న ఏర్పాటు అని చెబుతారు. లోపల గ్రీకులు, కాథలిక్కులు, అర్మేనియన్లు, కాప్టులు, సిరియన్లు, ఇథియోపియన్లు, ఎవరి భాగం వారిది, ఎవరి ఆరాధన వేళలు వారివి. ముఖద్వారం పైన కిటికీ కింద ఒక చెక్క నిచ్చెన ఉంది. దాన్ని తీయాలంటే అందరూ ఒప్పుకోవాలి కాబట్టి 18వ శతాబ్దం నుంచి అలాగే ఉండిపోయింది. గైడు ఆ కథ చెబుతుంటే అమ్మ, "మా పెదనాన్నవాళ్ల ఉమ్మడి గోడ లాంటిదే. సున్నం వేయాలన్నా నలుగురూ రావాలి" అంది. ఆమె గొంతులో జాలి ఉంది.

తలుపు దాటగానే నేల మీద ఎర్రటి రాతిపలక. ప్రభువు దేహాన్ని పరిమళ తైలంతో సిద్ధం చేసిన చోటుకు గుర్తు. యాత్రికులు దాని మీద అత్తరు పోసి గుడ్డలతో అద్దుకుంటారు. అమ్మ మోకాళ్లు వంచలేక నా భుజం పట్టుకుని మెల్లగా కూర్చుంది. కట్టుకున్న తెల్ల మంగళగిరి చీర చెంగుతో ఆ రాయిని ఒక మూల నుంచి ఇంకో మూల దాకా తుడిచింది, బల్ల తుడిచినట్టు, ఓపికగా. చెంగు తడిసి గులాబీ వాసన పట్టింది. సమాధి మందిరం చుట్టూ అప్పట్లో బ్రిటిషువాళ్లు 1947లో బిగించిన ఇనుప దూలాలు ఉండేవి. అవి చూసి అమ్మ చాలా బాధపడింది. 2017లో మరమ్మతులు పూర్తయి ఆ దూలాలు తీసేశారని పేపర్లో చదివి ఆమెకు వినిపిస్తే, "హమ్మయ్య" అంది, ఇంట్లో ఎవరికో కట్టు విప్పినట్టు. ఆ చీరను ఆమె మళ్లీ ఉతకలేదు, కట్టలేదు. 2019లో ఆమెను ఆ చీరలోనే సాగనంపాం.

ఆ రాత్రి హోటల్లో ప్రార్థన కూడికలో పాస్టరుగారు సాక్ష్యాలు చెప్పమన్నారు. అందరూ సమాధి దగ్గర కలిగిన అనుభవం చెప్పారు. అమ్మ లేచి పీట సంగతి చెప్పింది. "అయిదో స్థలంలో ప్రభువుకు సహాయంగా సీమోను వచ్చాడు కదా. నాకు పీట వేసినాయన పేరు కూడా నేను అడగలేదు. ఆయన ఇంటివాళ్ల కోసం ప్రార్థించండి" అంది. నలభై మందీ ఆ దుకాణదారు కోసం ప్రార్థించాం.

శనివారం సీయోను కొండ మీద మేడగదికి వెళ్లాం. కింద దావీదు సమాధి దగ్గర యూదులు ప్రార్థిస్తున్నారు. పైన ప్రభువు కడపటి భోజనం చేసిన గది అని క్రైస్తవుల నమ్మకం. ఆ గది గోడలోనే మసీదుగా ఉన్న కాలం నాటి మిహ్రాబు, అంటే నమాజు దిశను చూపే గూడు, అరబ్బీ రాతలు. యూదుల విశ్రాంతి దినం కాబట్టి కొత్త ఊళ్లో ట్రాములు లేవు, రోడ్లు ఖాళీ. అమ్మ మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఎవరెవరు వస్తున్నారో చూసింది.

యూదులు ప్రార్థించే పశ్చిమ గోడ సంగతి చివరికి దాచుకున్నాను. శుక్రవారం పొద్దు వాలకముందు అక్కడికి చేరాం. మగవాళ్లకు ఒకవైపు, ఆడవాళ్లకు ఇంకోవైపు, మధ్యలో అడ్డుగోడ. ద్వారం దగ్గర నాకు కాగితపు టోపీ ఇచ్చారు. బస్సులో వచ్చేటప్పుడే అమ్మ పద్దు పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఏదో రాసి, ఆ కాగితం చింపి, నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో పట్టుకుంది. నేను గోడ దగ్గర నుంచి తిరిగి వచ్చి చాలాసేపు ఎదురుచూశాను. విశ్రాంతి దినం ఆరంభాన్ని చెప్పే సైరను మోగింది. తెల్లచొక్కాల కుర్రవాళ్లు భుజాల మీద చేతులు వేసుకుని పాడుతూ దిగివస్తున్నారు. ఆ జనంలోంచి అమ్మ వెనక్కు వెనక్కు నడుస్తూ వచ్చింది, అక్కడి ఆడవాళ్లను చూసి గోడకు వీపు చూపకుండా. ఒక ముసలామె తన కుర్చీ జరిపి తనకు చోటిచ్చిందని చెప్పింది. కాగితంలో ఏం రాసిందో చెప్పలేదు, నేను అడగలేదు.

గోడ సందుల్లో పెట్టిన చీటీలను ఏడాదికి రెండుసార్లు, పస్కాకు ముందు, యూదుల కొత్త సంవత్సరానికి ముందు, పుల్లలతో బయటికి తీసి ఒలీవల కొండ మీది శ్మశానంలో పూడ్చిపెడతారు. అమ్మ చీటీ కూడా ఈపాటికి ఆ మట్టిలోనే ఉండి ఉంటుంది.

పుస్తకంలో ఆ కాగితం చింపిన చోట కుట్టు పక్కన సన్నని అంచు మిగిలింది. అంచు దాకా రాసే అలవాటు అమ్మది, అందుకే వరుసల మొదటి అక్షరాలు మూడు దాని మీద ఉండిపోయాయి. ఒకటి "ప్ర". దాని కింద "మా". మూడోది "చి". ఇంట్లో నన్ను చిన్నబ్బాయి అనే పిలిచేవారు.

పేజీ తిప్పితే, అదే గుండ్రని దస్తూరి: "శనివారం. ఖర్చు లేదు."